ఘటోత్కచుడు మన హాస్టల్‌కి ఎందుకొచ్చాడు?



పోయిన నెల ఈ గోడపత్రికలో నేను రాసిన ‘నాదర్‌గుల్‌లో ఘటోత్కచుడు’ కథ చదివి చాలామంది నవ్వారు. సంతోషం. కానీ “అందులో లోపలి సంగతులు ఏందిరా?” అని మెస్ లైన్‌లో అడిగినవాళ్ళు ఇంకా ఎక్కువ. ఒక్కొక్కరికి చెప్పే బదులు అందరికీ ఇక్కడే చెప్తున్నాను.

ఒకరు సృష్టించిన పాత్రను ఇష్టపడి, దానితో ఇంకొకరు కొత్త కథ అల్లితే ‘ఫ్యాన్ ఫిక్షన్’ అంటారు. అంటే అభిమాని కథ. పేరు కొత్తదే గాని పని మనకు పాతదే. గురజాడ వారి ‘కన్యాశుల్కం’లోని గిరీశం చేత ముళ్ళపూడి వెంకటరమణ గారు సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ కూడా ఇలాంటిదే. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అందులో అభిమన్యుడు పెళ్ళాడింది విరాటరాజు కూతురు ఉత్తరను. శశిరేఖ కథ జనం అల్లుకున్నది, సినిమా కంటే ముందే నాటకాల్లో ఆడింది.

ఇక నా కథలో దాచినవి:

1. దిగిన చోటు: ఘటోత్కచుడు ఆకాశంలో పోగలడు. భారతంలో వనవాసమప్పుడు ద్రౌపదిని మోసుకుని కొండలు దాటించింది ఆయనే. అందుకే బస్సులో రప్పించకుండా, పైలట్లకు శిక్షణ కోసం కట్టిన మన నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్‌లో దించాను.

2. మెస్ ముందు పీట: దానిమీద నిలబడ్డవాళ్ళు నిజం కక్కేస్తారని రాశాను. అది ‘మాయాబజార్’లోని సత్యపీఠం. పప్పులో నీళ్ళ సంగతి బయటపడింది కథలోనే. వార్డెన్ సార్ మన్నించాలి!

3. రెండు వీరతాళ్ళు: సినిమాలో శిష్యుడొకడు ‘అస్మదీయులు’ అనలేక ‘అసమదీయులు’ అంటాడు. గురువు కోప్పడితే ఘటోత్కచుడు అడ్డుపడి, మాటలు ఎవరో ఒకరు పుట్టించాల్సిందేనని వాడికి వీరతాళ్ళు వేయిస్తాడు. మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు గారు. నా కథలో లంబాడీ మాట కలిపి తెలుగు మాట్లాడిన పిల్లవాడికి వీరతాళ్ళు పడ్డది అందుకే.

4. పద్నాలుగో రాత్రి: ఆ రాత్రి కరెంటు పోతే, మనం చదువుకునేదాకా ఆయన దివిటీ పట్టుకుని నిలబడతాడు. యుద్ధంలో పద్నాలుగో రోజు చీకటి పడ్డా పోరు ఆగలేదు, దివిటీల వెలుగులో సాగింది. ఆ రాత్రే కర్ణుడు శక్తి అనే ఆయుధాన్ని ఘటోత్కచుడి మీద వేశాడు. అది ఇంద్రుడిచ్చింది, ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నది. ఘటోత్కచుడు పడిపోతూ కూడా ఒళ్ళు పెంచి, శత్రుసేన మీదనే పడ్డాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు, అర్జునుడికి గండం తప్పిందని.

5. యాడీ: ఘటోత్కచుడు వాళ్ళమ్మ హిడింబిని ‘యాడీ’ అని పిలుస్తాడు. మా తండాలో అమ్మను అట్లనే పిలుస్తాం.

ఇవన్నీ పట్టుకున్న దోస్త్ ఒకడు, “మరి చివర్ల ఆయన్ను యుద్ధానికి ఎందుకు పంపలేదు?” అని అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక్కడికి రాకముందు నేను చదివిన బడిలో నాటకం వేశారు. ఎవరికి ఏ వేషం కావాలో అందరినీ అడిగారు. నన్ను అడగలేదు. తండా పిల్లగాడివి, రాక్షసుడి వేషం నీదే అన్నారు. వేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి పోయి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత టీవీలో ‘మాయాబజార్’ చూశాను. ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు తల్లి మాట వినే కొడుకు, తమ్ముడి పెళ్ళి నిలబెట్టే అన్న. ఆయన కూడా అడవి బిడ్డే. ఆయన్ను చూసి ఎవరూ ఎగతాళి చేయరు. పైగా ఆయన వచ్చినప్పుడే జనం లేచి కూర్చుంటారు. భారతంలో ఇంకొకరి ప్రాణానికి అడ్డం పడ్డవాడిని మనవాళ్ళు కథ మార్చి గెలిపించుకున్నారు. నేను కూడా అదే చేశాను. నా ఘటోత్కచుడు యుద్ధానికి పోడు. పదో తరగతి పరీక్షలు రాసి, పాసై, యాడీకి ఉత్తరం రాస్తాడు.

హిడింబి కొడుకు కోసం ఎదురుచూసిన కథ ఇంకా మిగిలే ఉంది. ఎవరైనా రాస్తే వచ్చే నెల ఈ గోడమీద సగం జాగా వాళ్ళదే.

ఇట్లు,
మీ పదో తరగతి మిత్రుడు