తలుపుకు స్ప్రే పెయింటు: గన్ పట్టకముందే సగం పని

కొత్త ఇళ్ళలో లోపలి తలుపులు చూశారా? అద్దంలా నున్నగా ఉంటాయి, కుంచె గీత ఒక్కటీ కనిపించదు. అంతా స్ప్రే గన్ మహిమ అనుకుంటాం. నిజానికి గన్ పని చివర్లో కాసేపే. దానికి ముందు నడిచేదంతా ఉప్పు కాగితం పని. (గరుకు కాగితానికి ఇక్కడ తమిళంలోనూ ‘ఉప్పుత్తాళ్’ అనే పేరు. ఆ రుద్దే మనిషికి మాత్రం ఏ భాషలోనూ పేరు రాదు.)

తలుపు ఊడదీసి, పిడి, గడియ తీసేసి, రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాలి. నిలబెట్టి కొడితే పెయింటు కారుతుంది. గుంటల్లో లప్పం పెట్టి, ఆరాక 120 నంబరు కాగితంతో, తర్వాత 220తో రుద్దాలి. ప్రైమర్ ఆరాక 320తో మళ్ళీ తేలిగ్గా. పై అంచు, కింది అంచు ఎవరు చూస్తార్లే అని వదిలేస్తుంటారు. స్నానాలగది తలుపు నీళ్ళు పీల్చి ఉబ్బేది అక్కడి నుంచే.

పాత తలుపైతే ఇంకో సంగతి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచే. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ ధూళి నేలమీద పాకే పిల్లల చేతులకంటి నోట్లోకి పోతుంది. అందుకని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి, ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకూడదు.

ఇక గన్. తలుపుకు 6 నుంచి 8 అంగుళాల దూరం. మణికట్టు తిప్పితే మధ్యలో మందంగా, చివర్లలో పల్చగా పడుతుంది. అందుకే చెయ్యి మొత్తం తలుపుకు సమాంతరంగా కదలాలి. తలుపు అంచుకు కాస్త ముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాకే వదలాలి. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. ముందు అంచులు, చెక్కడం గాడులు, ఆ తర్వాతే చదును భాగం. గన్ మరీ దూరమైతే తుంపరలు గాల్లోనే ఆరిపోయి ఇసకలా తగులుతాయి. ఒక మందపు పూత కన్నా మూడు పల్చని పూతలు మేలు.

చెన్నైలో ఐప్పసి వానలప్పుడు ఎన్‌సీ లాకర్ జోలికి పోవద్దు. థిన్నర్ ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దానిమీద చేరి పాలలా తెల్లబడుతుంది.

అన్నిటికన్నా నాకు బాధనిపించేది, పెయింటరు ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు. అది తుంపరల్ని కొంత ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. పీయూ పెయింటు హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి, వాటితో ఉబ్బసం రావొచ్చు. పని ఆరుబయట పెట్టించడం, ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్క్ కొనివ్వడం ఇంటివాళ్ళ ఖర్చులోనే చేర్చుకోవాలి. లోపల కొట్టక తప్పకపోతే కిటికీలన్నీ తీసి, స్టవ్వూ దేవుడి దీపమూ ఆర్పేయాలి, థిన్నర్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

ఎనామెల్ తలుపును బిగించాక ఓ వారం గట్టిగా మూయకండి. పైకి ఆరినట్టున్నా లోపల పచ్చిగానే ఉంటుంది, ద్వారబంధానికి అంటుకుపోతుంది.