సావిడి పెట్టె తాళం

ఫోనును ఒక ఇల్లు అనుకుందాం. అందులో దిగే ప్రతి యాప్‌కూ ఒక గది ఉంటుంది. తన లెక్కలు, తన కాగితాలు ఆ గదిలోనే దాచుకుంటుంది. పక్క గదిలోకి తొంగి చూడడానికి వీల్లేదు. యాప్‌ని తీసేస్తే ఆ గది సామానూ పోతుంది.

మరి మన ఫోటోలు? అవి సావిడిలో పెట్టెలో ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన పెళ్ళి ఫోటో, గ్యాలరీలో కనిపించే ఫోటో చాలాసార్లు ఒక్కటే. గ్యాలరీలో చెరిపేస్తే వాట్సాప్‌లోనూ పోతుంది. జాగ్రత్త!

ఈ పెట్టె తెరవాలంటే యాప్ మనల్ని అడగాలి. తెర మీద ప్రశ్న వస్తుంది. చాలామందిమి చదవకుండానే 'అనుమతించండి' నొక్కేస్తాం. అక్కడే వస్తుంది చిక్కు.

కొన్ని అప్పు యాప్‌లు ఇలాగే ఫోటోలు, చుట్టాల నంబర్లు లాగేసుకుంటాయి. బాకీ తీర్చినా సరే, ఫోటోలు మార్చి అందరికీ పంపుతామని బెదిరిస్తాయి. 2022 సెప్టెంబరులో రాజమండ్రిలో ఈ వేధింపులు పడలేక భార్యాభర్తలు ప్రాణాలు తీసుకున్నారు.

అదే నెలలో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. అప్పిచ్చే యాప్ మన ఫైళ్ళు, ఫోటోలు, నంబర్ల జాబితా ముట్టుకోకూడదు. అడిగిందంటే అనుమానించండి. డ్వాక్రా అప్పుకి పెళ్ళి ఆల్బమ్ తెమ్మన్నారా ఎవరైనా?

ముందే ఒప్పేసుకున్నారా? సెట్టింగ్‌లలో ఆ యాప్ పేరు నొక్కండి. 'అనుమతులు' అన్నచోట 'అనుమతించవద్దు' పెట్టండి. పట్టుకుపోయినవి వెనక్కి రావు గానీ, కొత్తవి తీసుకోలేదు. ఎవరైనా బెదిరిస్తే సిగ్గుపడి దాచుకోకండి. 1930కి ఫోను చెయ్యండి.