చెరువులో చేపపైరు – పిల్లకు ఆకుమడి



మన రాజాం ప్రాంతమున చెరువు లేని యూరరుదు. ఆ చెరువు వరిమడికి నీరిచ్చునని యెల్లవారు నెఱుగుదురు. అదియు నొక పొలమే యనియు, దానియందు చేప యను పైరు పండుననియు తలంచువారు మాత్రము కొలదిమంది.

కొన్ని యేండ్ల క్రిందట నేను చూచిన యొక సంఘమువారు చెరువు నిండిన వెంటనే చౌకగా దొరకిన సన్నపిల్లలను వేలకొలది తెచ్చి విడిచిరి. మాఘమాసమున వలలు లాగగా కొఱ్ఱమీనులును వాలుగలును దొరకెను గాని, తాము విడిచిన చేపలు పదింట నొకటియు కానరాలేదు. చెరువుపాట సొమ్మైనను రాక సభ్యులు నష్టపడిరి. చెరువు మంచిది కాదని నిందించిరి. తప్పు చెరువుది కాదు. అంగుళము పొడవు లేని పిల్ల కొఱ్ఱమీనుకు మేతయే గదా!

వరిగింజలను పొలమంతట చల్లి యూరకుండక, ఆకుమడి పోసి, నారు బలిసిన పిమ్మట ఉభాలు చేయుట మన మెఱిగిన పనియే. చేపకును అదియే న్యాయము. పెద్దచెరువు ప్రక్కను చిన్నకుంట నొకదానిని ప్రత్యేకించి, వేసవిలో దాని నెండగట్టి, పాతచేపలను సమూలముగ తీసివేసి, కొంచెము సున్నమును, మాగిన పేడయెరువును వేయవలెను. నీరు చేరిన పిదప పిల్లలను విడిచి, తవుడును తెలగపిండియు మేతగా పెట్టి, రెండు మూడు నెలలు పెంచినచో అవి మూడు నాలుగు అంగుళముల పొడవగును. అప్పుడు పెద్దచెరువులో విడువవలెను.

ఒకే జాతిని విడుచుట లాభకరము కాదు. బొచ్చె పైనీటను, శీలావతి నడిమినీటను, ఎఱ్ఱమోసు అడుగుననుండు కుళ్లును మేయును. మూడును కలిసియున్నచో చెరువులోని మేత యంతయు వినియోగపడును. ఎకరమునకు సుమారు వేయి పిల్లలు చాలును.

పూర్వము ఈ జాతుల పిల్లలను వరదకాలమున నదులలో పట్టి తెచ్చుచుండిరి. వానితో చేపలను తిను జాతుల పిల్లలును కలిసి వచ్చుచుండెను. 1957లో ఒడిశాయందు హీరాలాల్ చౌధురిగారును వారి సహచరులును చేపకు పిట్యూటరీ గ్రంథిరసమును సూదిమందుగా నిచ్చి గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందిరి. నాటినుండి కల్తీలేని విత్తనమును కేంద్రములలో ఉత్పత్తి చేయుట సాధ్యమయ్యెను. కావున కొనునప్పుడు జాతిని, పొడవును చూచి, లెక్కపెట్టి తీసికొనవలెను. తెచ్చిన సంచిని పావుగంటసేపు చెరువునీటిలో తేలనిచ్చి, నీటి వేడి సమమైన పిదప మూతి విప్పవలెను.

చెరువులుండిన చాలునా? ఆఫ్రికాఖండమధ్యముననున్న కాంగోదేశపు వృత్తాంతమును వినుడు. 1940, 1950ల దశకములలో బెల్జియము పాలకులు అచ్చట వేలకొలది చేపలకుంటలను త్రవ్వించిరి. టిలాపియా యను చేప వానిలో మితిమీరి పిల్లలుపెట్టి, మేత చాలక, గిడసబారి చిన్నదిగనే నిలిచెను. 1960లో స్వాతంత్ర్యము వచ్చి, నేర్పువారు వెడలిపోగా, కుంటలలో పెక్కులు పాడుపడెను. విత్తనపు నేర్పు గ్రామస్థుని చేతికి రానిచో కుంట గొయ్యిగనే మిగులును.

ఇంకొక మాట. పంట చివర నొక తడికై రైతులు చెరువును పూర్తిగ దించినచో చేప చచ్చును; చేపకై నీరు నిలిపినచో వరి యెండును. ఈ వివాదము నీరు తగ్గిన పిమ్మట తీరదు. ఆయకట్టుదారులును చేపలసంఘమువారును ఆషాఢమునందే కూర్చుండి, ఏ గుర్తువఱకు నీరు దించవచ్చునో, ఏ నెలలో చేపలు పట్టవలెనో నిర్ణయించి, సంఘపు పుస్తకమున వ్రాసికొనవలెను.

ఈ వేసవిలోనే మీ చెరువు ప్రక్కను ఒక చిన్నకుంటను చూచియుంచుడు. ఆకుమడి లేని వరి యెట్టిదో, అది లేని చేపపైరు నట్టిదే.