కొత్త లాప్‌టాప్‌లో పిలవని పేరంటం

మీ ఇంటికి కొత్త లాప్‌టాప్ వచ్చిందనుకోండి. పెట్టె విప్పి, మీట నొక్కి, తెర వెలగగానే సంబరపడతారు. కాని కాస్త జాగ్రత్తగా చూడండి. మీరు అడగని ఆటలు, నెల రోజులు ఉచితంగా పనిచేసి ఆ తరువాత డబ్బు అడిగే వైరస్ నిరోధక ప్రోగ్రాం, ఇంకా ఏవేవో అక్కడ అప్పటికే తిష్ఠవేసి ఉంటాయి! వీటిని ‘బ్లోట్‌వేర్’ అంటారు. ‘బ్లోట్’ అంటే ఉబ్బడం. కంప్యూటర్ కడుపు ఉబ్బించే సరుకు అన్నమాట.

వీటిని పెట్టింది ఎవరు? సాధారణంగా లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీయే. తమ సరుకు మీ కంటపడేలా చేసినందుకు ప్రోగ్రాంల కంపెనీలు ఆ కంపెనీకి డబ్బు ఇస్తాయి.

దీనివల్ల మనకేం నష్టం? వీటిలో కొన్ని మీట నొక్కగానే, మీకు తెలియకుండానే పని మొదలుపెడతాయి. కంప్యూటర్‌లోని ‘ర్యామ్’ చదువుకొనే బల్ల వంటిది. బల్ల నిండా ఎవరివో పుస్తకాలు పరచి ఉంటే మీ పుస్తకానికి చోటేదీ? అందుకే కొత్త యంత్రం కూడా నత్తనడక నడుస్తుంది.

ఇంతవరకు చికాకు మాత్రమే. ఒక్కొక్కప్పుడు ప్రమాదం కూడా ఉంటుంది. 2014లో లెనోవో కంపెనీ తన లాప్‌టాప్‌లు కొన్నింటిలో ‘సూపర్‌ఫిష్’ అనే సంస్థ ప్రోగ్రాంను పెట్టి అమ్మింది. మీరు చూసే పేజీలలోకి వ్యాపార ప్రకటనలు చొప్పించడం దాని పని.

అది ప్రమాదం ఎలా అయింది? మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు సమాచారం రహస్య లిపిలో, లక్క ముద్ర వేసిన ఉత్తరంలా వస్తుంది. అవతల ఉన్నది నిజంగా బ్యాంకేనని తెలిసేదెలా? బ్యాంకు ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. దాని మీది ముద్ర నమ్మదగినవారిదేనా అని కంప్యూటర్ తన దగ్గరున్న జాబితాతో సరిచూసుకుంటుంది.

సూపర్‌ఫిష్ తన ముద్రను కూడా ఆ జాబితాలో చేర్చేసింది! దారిలో ఉత్తరాన్ని విప్పి, ప్రకటన దూర్చి, తన ముద్ర వేసి మళ్ళీ అంటించేది. కంప్యూటర్ ‘తెలిసిన ముద్రే కదా’ అని ఊరుకునేది.

అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. ఆ లాప్‌టాప్‌లన్నింటిలోనూ ఉన్నది ఒకే ముద్ర. దాన్ని వేయడానికి కావలసిన రహస్య తాళంచెవి కూడా వాటిలోనే ఉంది. 2015 ఫిబ్రవరిలో రాబర్ట్ గ్రాహం అనే నిపుణుడు దాన్ని బయటికి తీసి చూపించాడు. దాన్ని కాపాడుతున్న సంకేతపదం, ప్రోగ్రాంలో ఆ భాగాన్ని తయారుచేసిన కంపెనీ పేరే! అలాంటి తాళంచెవి దొంగకు దొరికితే, అదే వైఫైలో కూర్చొని ‘నేనే బ్యాంకును’ అని ఆ లాప్‌టాప్‌ను నమ్మించగలడు.

ప్రోగ్రాంను తీసేసినంత మాత్రాన ముద్ర పోలేదు. దాన్ని విడిగా తొలగించవలసి వచ్చింది. తరువాత లెనోవో అందుకు ఒక సాధనం ఇచ్చింది. 2017లో అమెరికా ప్రభుత్వ సంస్థతోను, 32 రాష్ట్రాలతోను రాజీ కుదుర్చుకొని, ఆ రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు చెల్లించింది. అలాంటి ప్రోగ్రాంలు పెట్టాలంటే కొన్నవారి అనుమతి తీసుకోవాలన్నది అందులో ఒక షరతు.

మీరే చేసి చూడండి

విండోస్ కంప్యూటర్‌ను ఆపి, మళ్ళీ మీట నొక్కి, పని చేయడానికి సిద్ధం కావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారంతో లెక్కించండి. తరువాత పెద్దలను పక్కన ఉంచుకొని ‘సెట్టింగ్స్’లో ‘యాప్స్’ జాబితా తెరవండి. ప్రతి పేరు దగ్గర ఆగి, ‘ఇది ఏం చేస్తుంది? మనకు కావాలా?’ అని అడగండి. అక్కర్లేనివి తీసేయండి. తెలియనివాటిని, తెర, శబ్దం వంటివాటిని నడిపే ‘డ్రైవర్ల’ను మాత్రం కదిలించకండి. మళ్ళీ సెకన్లు లెక్కించి, రెండు అంకెలనూ పోల్చండి.

కొత్తది గనుక శుభ్రంగానే ఉంటుందనుకోవడం పొరపాటు. కొత్త కుండనైనా కడిగే వాడుకుంటాం కదూ!