మిర్గ్ వానలో షుక్ర్, మూసీ వరదలో సబ్ర్

ఏటా జూన్ 8 అటూ ఇటుగా మృగశిర కార్తె వస్తుంది. పల్లెల్లో రైతులు విత్తనాలు సిద్ధం చేసుకుంటారు. హైదరాబాద్‌లో చేపల మార్కెట్లు కిటకిటలాడతాయి. నగరంలోని ఉర్దూ ఇళ్లలో ఈ కార్తెనే ‘మిర్గ్’ అంటారు. ఈ మాట నిన్నమొన్నటిది కాదు. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా నాలుగు వందల ఏళ్ల కిందటే మిర్గ్ మీద దక్కనీలో కవితలు రాశారు.

ఆయన కవిత్వంలో ఈద్, షబే బరాత్ ఎలా ఉన్నాయో బసంత్, వానాకాలం, చలికాలం కూడా అలాగే ఉన్నాయి. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో వాటిని ఒకచోట చేర్చి అచ్చు వేయించారు. నిజం చెప్పాలంటే మిర్గ్ కవితలు మతబోధలేమీ కావు. పచ్చబడ్డ నేల, రంగురంగుల బట్టలు, ప్రేయసి ముచ్చట్లు... అంతా సంబరమే. కానీ చివరి షేర్‌కు వచ్చేసరికి చాలాచోట్ల ‘నబీ సద్ఖే’ అన్న మాట కనిపిస్తుంది. ప్రవక్త (స) పుణ్యాన ఇదంతా దక్కింది అని దాని అర్థం. మఖ్తాలో కవి తన పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. ఈ రాజు తన పేరు దగ్గరే ఆ మాట కూడా పెట్టుకున్నారు. తన ఆనందం తన సంపాదన కాదని ఒప్పుకున్నట్టే కదా! షుక్ర్ మొదలయ్యేది అక్కడే.

అయితే రాజు వానను మేడ మీది నుంచి చూశారు. నీళ్ల మధ్య నుంచి చూసిన కవి ఇంకొకరు ఉన్నారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. రుబాయీ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ వరదలో కొట్టుకుపోయారు. ఆయన మాత్రం బతికి బయటపడ్డారు. ఆ రోజును ‘ఖయామతే సుగ్రా’ అనే నజ్మ్‌గా రాశారు. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం. తర్వాత 1961లో కన్నుమూసే దాకా ఆయన రుబాయీలకు పేరొచ్చింది అల్లాహ్ మీద భరోసా, సబ్ర్, ఉన్నదానితో తృప్తి లాంటి మాటలతోనే. అన్నీ ఉన్నవాళ్లు షుక్ర్ గురించి చెబితే ఒకలా ఉంటుంది, ఇంత పోగొట్టుకున్న మనిషి చెబితే కూర్చుని వినాలనిపిస్తుంది.

వాన రహ్మత్ అని మన ఇళ్లలో పెద్దలు అంటారు. మరి ముంచేసే వాన? దీనికి హదీసుల్లో ఒక సంఘటన ఉంది. కరువు రోజుల్లో జుమా ఖుత్బా జరుగుతుండగా ఒకాయన లేచి వాన కోసం దువా చేయమన్నాడు. ప్రవక్త (స) చేతులెత్తారు. వారమంతా కురిసింది. మరుసటి జుమాకు ఇళ్లు కూలుతున్నాయి, వాన ఆగేలా దువా చేయండన్న విన్నపం వచ్చింది. ఆయన వానను ఆపమని కోరలేదు. మా మీద కాకుండా మా చుట్టూ, కొండల మీద, లోయల్లో, చెట్లు మొలిచే చోట కురిపించమని వేడుకున్నారు. మామూలు రోజుల్లోనూ వాన చూస్తే ఆయన అడిగింది మేలు చేసే వాననే.

హైదరాబాద్ కూడా 1908 తర్వాత వరదను అడ్డుకునే పనిలో పడింది. 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు నగరం తాగింది ఆ నీళ్లే.