కూకట్‌పల్లి నాలాలో గాజుల వాయనం

హుస్సేన్ సాగర్ వైపు నల్లగా, బరువుగా, తెల్లని నురగలు కక్కుతూ సాగే కూకట్‌పల్లి నాలా మీద పొద్దుటి లేత ఎండ పడితే, ఆ మురుగు కూడా కాసేపు రాగిరంగు తిరుగుతుంది. ముక్కు మూసుకుని దాటిపోతాం గానీ, అందులోని ఒక్క బొట్టు చాలు, కళ్లు విప్పార్చుకుని చూడటానికి.

అదిగో, ఈ.కోలై. మన పేగుల్లో పుట్టి మురుగుతో బయటపడ్డ జీవి. మిల్లీమీటరులో ఐదువందలో వంతు పొడవు. అంచులు గుండ్రంగా తిరిగిన పారదర్శకమైన మేను, గిరగిర తిరిగే సన్నని తోకలు, ఒళ్లంతా మెత్తని నూగు. చాలామటుకు సాధువే. కొన్నిటి నూగు చివర మాత్రం కొక్కేలుంటాయి. దారితప్పి పైకి పాకితే మూత్రపిండాల గోడల మీది చక్కెరను తడిమి, పట్టి, వదలవు. ఇంకొన్నిటిలో ఏనాడో దూరిన వైరస్ తెచ్చిపెట్టిన విషపు జన్యువు నిద్రపోతుంటుంది.

అసలు వింత ఇప్పుడు. ఒక కణం ఒంటినుంచి సన్నని నాళం చాచి, పక్కకణాన్ని అందుకుని, మెల్లగా దగ్గరికి లాక్కుంటుంది. లోపల గాజులా గుండ్రంగా చుట్టుకున్న డీఎన్ఏ, శాస్త్రవేత్తలు ప్లాస్మిడ్ అనేది, ఒక పోగు విప్పుకుని అవతలికి జారుతుంది. ముత్తయిదువ వాయనమిచ్చినట్టే, కాకపోతే ఇచ్చిన చెయ్యి బోసిపోదు. యాంటీబయాటిక్ మందును విరిచే ఎంజైము, మందును బయటికి తోసే పంపు, ఒక్కోసారి రోగం తెచ్చే గుణం, అన్నీ ఆ గాజులోనే. ఈ.కోలై కణాలు జన్యువులు పంచుకుంటాయని శాస్త్రవేత్తలు లెడర్‌బర్గ్, టేటమ్ 1946లోనే కనిపెట్టారు.

కూకట్‌పల్లి నుంచి ముంబై రోడ్డు పట్టుకుపోతే పటాన్‌చెరు. అక్కడి మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మాత్ర మింగిన రోగి రక్తంలోనైనా అంత ఉండదు. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరేది. గాజు తొడిగినవాటికే బతుకున్న వాగును మనమే పారించి, సూక్ష్మజీవిని తిట్టడం నాకు న్యాయమనిపించదు.

మందులేని నీటికి చేరాక ఆ గాజు బరువే కదా, విసిరేయొచ్చు కదా? కొన్ని గాజులు ఆ వీలూ ఇవ్వవు. వాటిలో ఒక విషం, దాని విరుగుడు పక్కపక్కనే రాసి ఉంటాయి. విషం మొండిది, విరుగుడు త్వరగా కరిగిపోయేది. కణం రెండుగా చీలినప్పుడు గాజు దక్కని కూతురి ఒంట్లో తల్లి విషం మిగిలే ఉంటుంది, విరుగుడు చేసుకునే జన్యువు ఉండదు. ఆ కూతురు ఎదగదు, చాలాసార్లు చచ్చిపోతుంది.