కర్టెన్లు పొడవైపోయాయా? కత్తెర పట్టేముందు ఇది చూడండి.. లేదంటే డబ్బులు వృథా!

ఆఫర్ కనిపించగానే ఆన్‌లైన్‌లో కర్టెన్లు ఆర్డర్ పెట్టేస్తాం. తీరా వచ్చాక రాడ్‌కి తగిలిస్తే మూరెడు గుడ్డ నేల మీదే ఉంటుంది. ఊడుస్తుంటే చీపురుకి చుట్టుకుంటుంది, తడిగుడ్డ పెడితే అంచు నల్లబడుతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అయితే గుమ్మం దగ్గర కాలికి తగిలి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. దాంతో చాలామంది వెంటనే కత్తెర తీస్తారు. అసలు పొరపాటు జరిగేది అక్కడే.

ఇంతకీ ఇంత గుడ్డ ఎందుకు మిగులుతోంది? మన దగ్గర రెడీమేడ్ కర్టెన్లు ఎక్కువగా మూడు సైజుల్లో దొరుకుతాయి. కిటికీకి 5 అడుగులు, గుమ్మానికి 7, పొడవాటి తలుపులకు 9 అడుగులు. గుమ్మం ఎత్తు 7 అడుగులే అయినా రాడ్‌ను దానిపైన నాలుగైదు అంగుళాల ఎత్తులో బిగిస్తారు. అందుకే 7 అడుగుల కర్టెన్ చాలదు. 9 అడుగులది తెస్తే అడుగున్నర ఎక్కువవుతుంది.

ముందు ఉతకండి.. తర్వాతే కొలత

కాటన్, లినెన్ గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. 3 శాతమే తగ్గిందనుకున్నా, 108 అంగుళాల కర్టెన్‌లో 3 అంగుళాలకు పైగా పోయినట్టే. ముందే కత్తిరించి కుట్టేస్తే, ఒక్క ఉతుకుతో కర్టెన్ పొట్టిదైపోతుంది. ఇక దాన్ని పొడవు చేసే దారే ఉండదు. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఎలా ఉతుకుతారో అలాగే ఒకసారి ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. పాలిస్టర్ కర్టెన్లకు ఈ బాధ దాదాపు లేదు. లేబుల్ మీద డ్రై క్లీన్ అని ఉంటే మాత్రం నీళ్లలో పెట్టొద్దు.

ఆ తర్వాత రాడ్‌కి తగిలించి రెండు మూడు రోజులు వదిలేయండి. బరువైన గుడ్డ తన బరువుకే కాస్త కిందికి సాగుతుంది. నేల కూడా అన్నిచోట్లా సమానంగా ఉండదు. అందుకే ఎడమ, మధ్య, కుడి.. మూడు చోట్లా నేలకు అంగుళం పైన గుండుసూదులు గుచ్చి గుర్తు పెట్టుకోవాలి. కిటికీ కర్టెన్ అయితే గట్టు కంటే 4 నుంచి 6 అంగుళాలు కిందికి ఉంటే చూడ్డానికి బాగుంటుంది. వంటగదిలో స్టవ్ పక్కన కిటికీ ఉంటే ఆ లెక్క పక్కన పెట్టేయండి. అక్కడ గాలికి ఎగిరే కర్టెన్ అసలు వద్దు.

మడత లెక్క మర్చిపోతే అంతే!

ఎక్కువ కర్టెన్లు పాడయ్యేది ఈ లెక్క దగ్గరే. ఉదాహరణకు పై అంచు నుంచి 90 అంగుళాలు ఉండాలనుకుందాం. అడుగున 3 అంగుళాల చొప్పున రెండు మడతలు వేయాలి, అంటే ఇంకో 6 అంగుళాలు కావాలి. కాబట్టి కత్తెర పడాల్సింది 96 దగ్గర. తొందరలో 90 దగ్గరే కత్తిరించేస్తే, మడత పోగా మిగిలేది 84. కొలత ఎప్పుడూ పై నుంచే తీయాలి. పాత అంచును పట్టుకుని కింది నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. గీత గీశాక ముందు కచ్చా కుట్టు వేసి, మళ్లీ వేలాడదీసి చూసుకోవాలి. సరిపోయిందనిపిస్తేనే మెషిన్ మీద పెట్టాలి. మడత సన్నగా వేస్తే కర్టెన్ తేలిపోతుంది, బరువు ఉంటేనే నిలువుగా జారుతుంది.

పైన రింగులున్న కర్టెన్‌ను కింది నుంచే తగ్గించాలి. మరి కింద అందమైన బోర్డర్ ఉంటే? దాన్ని కత్తిరించక్కర్లేదు. బోర్డర్‌కి కాస్త పైన, వెనక వైపుకి ఒక మడత వేసి అడ్డంగా కుట్టేస్తే సరి. రింగులు లేకుండా రాడ్ దూర్చే గొట్టం ఉన్న కర్టెన్‌కైతే పై భాగం విప్పి, గుడ్డ తగ్గించి, గొట్టాన్ని మళ్లీ కుట్టుకోవచ్చు.

బ్లాకౌట్ కర్టెన్లతో మాత్రం జాగ్రత్త. వెనకాల పూత ఉన్న గుడ్డలో సూది దిగితే ఆ రంధ్రం అలాగే ఉండిపోతుంది, అందులోంచి వెలుతురు కనిపిస్తుంది. వీటికి గుండుసూదులు, కచ్చా కుట్లు వద్దు. బట్టల క్లిప్పులు పెట్టి చూసుకుని, ఒకేసారి కుట్టేయాలి. పూత ఉన్న వైపు ఇస్త్రీపెట్టె తగలనివ్వొద్దు. కుట్టు రానివాళ్లు ఇస్త్రీతో అతుక్కునే హెమ్మింగ్ టేపు వాడుతుంటారు. పలుచటి నెట్ కర్టెన్ల మీద ఇది అంత మంచి ఐడియా కాదు. వేడి ఎక్కువైతే గుడ్డే కరిగిపోవచ్చు, టేపు కూడా బయటికి కనిపిస్తుంది.

ఇక అద్దె ఇంట్లో ఉండేవాళ్లు అసలు కత్తిరించకపోవడమే మంచిది. ఇల్లు మారితే కిటికీల కొలతలు మారతాయి. మిగిలిన గుడ్డనంతా లోపలికి మడిచి పొడవాటి కుట్లు వేసుకుంటే, కొత్త ఇంట్లో విప్పుకోవచ్చు. గుడ్డ పలుచనైతే పగటి వెలుతురులో ఆ మడత నీడలా కనిపిస్తుంది, ఆ మాత్రం సర్దుకోవాలి. సొంతిల్లయితే ఇంకో దారి కూడా ఉంది. గోడకు కొత్త రంధ్రాలు పడ్డా పర్లేదనుకుంటే రాడ్‌నే పైకి జరపొచ్చు. అప్పుడు కర్టెన్ జోలికే వెళ్లక్కర్లేదు.

కత్తిరించిన ముక్కను మాత్రం పారేయకండి. కర్టెన్‌ను పక్కకు కట్టుకునే పట్టీలు అందులోంచే వస్తాయి. రేపు ఎక్కడైనా చిరిగితే అతుకు వేయడానికి అదే రంగు గుడ్డ మళ్లీ దొరకదు.